క్యాట్ ఉంచాలా, పీకేయాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు క్యాటలిటిక్ కన్వర్టర్ గురించే ఉన్నాయి, అంటే ఎగ్జాస్ట్ పైపులో ఉండి విష వాయువులను శుభ్రం చేసే డబ్బా, వాడుకలో క్యాట్. ఇంజిన్ పవర్ పెంచుకోవాలనుకునే వాళ్లు ముందుగా దాని మీదే చెయ్యి వేస్తున్నారు. అందుకని ఆ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాది రెండు లీటర్ల టర్బో పెట్రోల్ కారు. ఇన్‌టేక్, ఇంటర్‌కూలర్ మార్చాను. ఇప్పుడు మూడంగుళాల డౌన్‌పైప్ (టర్బో నుంచి ఎగ్జాస్ట్ వాయువును తీసుకెళ్లే పైపు) వేయించబోతున్నాను. ట్యూనర్ క్యాట్ లేని పైపే వేయమంటున్నారు. రోజూ ఆఫీసుకి వెళ్లేది కూడా ఈ కారులోనే. క్యాట్ తీసేస్తే నిజంగా ఎంత పవర్ పెరుగుతుంది?

జవాబు: రోడ్డు మీద తిరిగే కారైతే తీయకండి. ఎందుకో లెక్కతో చెబుతాం.

క్యాట్ ఉంటే ఇంజిన్‌కి ఊపిరాడదు అన్న మాట 1975 నాటిది. అమెరికా కార్లలో కన్వర్టర్లు పెద్ద ఎత్తున రావడం ఆ ఏడాది మోడళ్లతో మొదలైంది. అప్పుడు జనరల్ మోటార్స్ వాడిన రకంలో ఇప్పటిలా తేనెపట్టు గడులు ఉండేవి కావు. చదునైన డబ్బా నిండా ఉత్ప్రేరకం పూసిన గుళికలు ఉండేవి, ఎగ్జాస్ట్ వాయువు వాటి సందుల్లోంచి దారి వెతుక్కుంటూ పోవాలి. ఆ డబ్బా నిజంగానే అడ్డంకి. ఆ డబ్బా ఎప్పుడో పోయింది గాని, దాని మీద పుట్టిన మాట మాత్రం ఇప్పటికీ వినిపిస్తోంది.

ముందు టర్బో లేని ఇంజిన్ లెక్క చూద్దాం. గరిష్ఠ పవర్ దగ్గర మంచి ఇంజిన్‌లో పిస్టన్ మీద సగటున పనిచేసే ఒత్తిడి సుమారు 10 బార్. ఎగ్జాస్ట్‌లో ఎదురు ఒత్తిడి 0.1 బార్ తగ్గిస్తే, వాయువును బయటికి నెట్టే పనిలో ఆ మేరకే ఆదా అవుతుంది. అంటే 10లో 0.1, ఒక శాతం. 200 హార్స్‌పవర్ ఇంజిన్‌కి 2 హార్స్‌పవర్. సిలిండర్‌లో మిగిలిపోయే పాత వాయువు కూడా తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త కలవచ్చు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద వెంటవెంటనే రెండు రన్‌లు తీస్తే వాటి మధ్య వచ్చే తేడా కూడా దాదాపు అంతే ఉంటుంది.

టర్బో సంగతి వేరు, మీ ట్యూనర్ మాటలో కొంత నిజం ఉన్నది ఇక్కడే. టర్బైన్ (టర్బోలో ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగే చక్రం) పనిచేసేది దాని ముందు, వెనక ఉన్న ఒత్తిళ్ల నిష్పత్తి మీద. ఆ నిష్పత్తి 2 అనుకోండి. టర్బైన్ వెనక 1.3 బార్ ఉంటే ముందు 2.6 బార్ ఉంటుంది. వెనక 1.15కి దించితే ముందు 2.3కి దిగుతుంది. వెనక తగ్గించిన 0.15, ముందు 0.3గా ఫలిస్తుందన్నమాట. దాంతో సిలిండర్‌లో మిగిలే వేడి వాయువు తగ్గుతుంది, నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలడం) తగ్గుతుంది, ఇగ్నిషన్ టైమింగ్ ఒకట్రెండు డిగ్రీలు ముందుకు జరపడానికి వీలవుతుంది, టర్బో త్వరగా అందుకుంటుంది. అందుకే డౌన్‌పైప్ మార్చినవాళ్లకి పికప్‌లో తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అయితే ఆ తేడాలో ఎక్కువ వాటా పైపుది. కంపెనీ పైపు సన్నగా, నొక్కుకుపోయిన వంపులతో ఉంటుంది. టర్బో మూతి దగ్గర వేస్ట్‌గేట్ (ఎక్కువైన వాయువును టర్బైన్‌కి తగలకుండా పక్కకి పంపే వాల్వు) నుంచి వచ్చే వాయువు అసలు ప్రవాహానికి అడ్డం పడుతుంది. ఇవన్నీ మూడంగుళాల పైపుతో తీరిపోతాయి. దానికి వెడల్పైన, తక్కువ గడుల మెటల్ క్యాట్ జతచేస్తే ఖాళీ పైపుకీ దీనికీ మిగిలే తేడా రోడ్డు మీద మీకు తెలియదు. మరి క్యాట్ లేకపోతే పోయేదేమిటంటే, బాగా పనిచేసే క్యాట్ వేడెక్కాక కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడింటినీ 90 శాతం పైగా మార్చేస్తుంది. అది లేకపోతే ఇవన్నీ మీ వెనక నడిచేవాళ్ల ముక్కుల్లోకే పోతాయి. ఉద్గార నిబంధనలు ఉన్న దేశాల్లో చాలావరకు రోడ్డు కారు నుంచి క్యాట్ తీయడం నేరం కూడా.

ఇంకో హెచ్చరిక. అడ్డు ఒక్కసారిగా తగ్గితే చిన్న వేస్ట్‌గేట్ చాలినంత వాయువును పక్కకి పంపలేకపోవచ్చు. అప్పుడు ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) దానంతటదే పైకి పాకుతుంది. 1.2 బార్ దగ్గర ఆగాల్సింది 1.5కి పోయిందంటే అక్కడ ఇంధనం చాలకపోవచ్చు, పిస్టన్ పోవచ్చు. క్యాట్ ఉన్నా లేకున్నా, డౌన్‌పైప్ మార్చాక మూడో గేరులో బూస్ట్ లాగ్ (అంకెల రికార్డు) తీసి చూడకుండా పూర్తి థ్రాటిల్ ఇవ్వకండి.

ప్రశ్న: హై ఫ్లో (వాయువుకి అడ్డు తక్కువగా ఉండే) క్యాట్లలో 100, 200, 300, 400 గడులు అంటున్నారు. ఏది కొనాలి? గడులు ఎంత తక్కువైతే అంత మంచిదేనా?

జవాబు: ఆ అంకె చదరపు అంగుళానికి ఎన్ని గడులు ఉన్నాయో చెబుతుంది. 400 గడుల క్యాట్‌లో ఒక గడి నుంచి పక్క గడికి దూరం 1.27 మి.మీ., 200లో 1.8, 100లో 2.54. గడి పెద్దదైతే గోడ రాపిడి తగ్గుతుంది. 400 నుంచి 200కి వస్తే ఆ అడ్డు సుమారు సగమవుతుంది. ఇంతవరకే చూసి చాలామంది 100 కొంటారు.

కానీ ఉత్ప్రేరకం ఉండేది గోడల మీదే. 400 నుంచి 200కి వస్తే గోడల విస్తీర్ణం దాదాపు 30 శాతం తగ్గుతుంది. దానికి తోడు గడి మధ్యలో పోయే వాయువు గోడని తాకడానికి ఇంకా ఎక్కువ దూరం జరగాలి. రెండూ కలిస్తే, అదే పొడవులో శుభ్రం చేసే శక్తి కూడా సుమారు సగానికి పడిపోతుంది. అడ్డు ఎంత తగ్గిందో పని కూడా అంతే తగ్గిందన్నమాట. 100 గడుల పొట్టి క్యాట్ పేరుకే క్యాట్.

దీనికి మంచి మార్గం వ్యాసం పెంచడం. 100 మి.మీ. వ్యాసం, 100 మి.మీ. పొడవు ఉన్న ఇటుక (క్యాట్ డబ్బా లోపలి గడుల దిమ్మ) ఘనపరిమాణం 785 సీసీ. అదే ఘనపరిమాణాన్ని 127 మి.మీ. వ్యాసంలో పెడితే పొడవు 62 మి.మీ. చాలు. ముఖ వైశాల్యం 1.6 రెట్లు పెరుగుతుంది కాబట్టి వాయువు వేగం ఆ మేరకు తగ్గుతుంది, నడిచే దూరం కూడా ఆ మేరకే తగ్గుతుంది. రెండూ కలిసి అడ్డు సుమారు 2.6 రెట్లు తగ్గుతుంది. ఉత్ప్రేరకం మాత్రం ఒక్క గ్రాము కూడా పోలేదు. గడుల సంఖ్య తగ్గించడం కంటే ఇది ఎంతో మేలైన బేరం. కారు కింద చోటు ఉన్నంతవరకు వ్యాసం పెంచండి, గడులు తగ్గించాలన్న ఆలోచన ఆ తర్వాతే.

సెరామిక్‌కీ మెటల్‌కీ తేడా గోడ మందంలో ఉంది. మామూలు 400 గడుల సెరామిక్‌లో గోడ 0.165 మి.మీ. మందం, ముఖంలో 76 శాతం మాత్రమే ఖాళీ. మెటల్ రేకు 0.05 మి.మీ. దాకా పలచగా ఉంటుంది, ఖాళీ 90 శాతం దగ్గరికి వస్తుంది. పైగా కుదుపులకి పగలదు. పవర్ పెంచిన కారుకి మెటలే సరి.

మీ ఇంజిన్ ఎంతటిదో చెప్పలేదు కాబట్టి ఒక కొలత చెబుతాం. రెండు లీటర్ల టర్బోకి 127 మి.మీ. వ్యాసం, కనీసం 100 మి.మీ. పొడవు, 200 లేదా 300 గడుల మెటల్ ఇటుక. ఇది 1.27 లీటర్ల ఘనపరిమాణం. ఇటుక ఘనపరిమాణం ఇంజిన్ సామర్థ్యంలో సగానికి తగ్గకుండా చూసుకోండి. కొనేటప్పుడు గడుల అంకెతో ఆగకుండా, ఏ ఉద్గార ప్రమాణానికి ధ్రువీకరించారో అడగండి. ప్లాటినం, పలేడియం, రోడియం ఖరీదైన లోహాలు. అనుమానం కలిగేంత చవకగా దొరికే క్యాట్‌లో అవి ఉండాల్సినంత ఉండవు. పైకి రెండూ ఒకేలా మెరుస్తాయి, తేడా పరీక్ష రోజున బయటపడుతుంది.

ప్రశ్న: ఏడాదిలో రెండు హై ఫ్లో క్యాట్లు పోయాయి. రెండోదాన్ని విప్పి చూస్తే మధ్యలో కరిగి ముద్దయింది. సరుకు నాసిరకమా? థ్రాటిల్ వదిలినప్పుడు చటచట పేలే మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో మార్చిన ప్రోగ్రామ్) ఉంది, లాంచ్ కంట్రోల్ (బయల్దేరే ముందు ఆర్‌పీఎంని ఒకచోట పట్టి ఉంచేది) కూడా ఉంది.

జవాబు: సరుకుని అనుమానించే ముందు ఆ మ్యాప్ తీయించండి. జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది.

మామూలుగా థ్రాటిల్ వదలగానే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంధనం ఆపేస్తుంది. పేలే మ్యాప్‌లో ఇంధనం పోస్తూనే, స్పార్క్‌ని పిస్టన్ పైకి చేరి కిందికి దిగడం మొదలుపెట్టిన తర్వాతికి వెనక్కి జరుపుతారు. మిశ్రమం సిలిండర్‌లో సగమే కాలుతుంది. మిగతాది మానిఫోల్డ్‌లో, టర్బోలో, చివరికి క్యాట్‌లో కాలుతుంది. మీ చెవికి వినబడే ప్రతి పేలుడూ అక్కడ మంటే. లాంచ్ కంట్రోల్ స్పార్క్‌ని కత్తిరించే రకమైతే ఇంకా ఘోరం, కాలని పెట్రోలూ ఆక్సిజనూ కలిసి నేరుగా ఎర్రగా కాలిన క్యాట్‌లోకి పోతాయి.

క్యాట్ పని మొదలుపెట్టేది 250, 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 400 నుంచి 800 మధ్య సుఖంగా ఉంటుంది. 950, 1,000 దగ్గర ఎక్కువసేపు ఉంటే గోడల మీది పూత కుంచించుకుపోయి, లోహపు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పని తగ్గిపోతుంది. సెరామిక్ ఇటుక సుమారు 1,450 దగ్గర కరుగుతుంది. మెటల్ రకంలో అంతకుముందే రేకు చుట్ట సడలి, మధ్య భాగం వెనక్కి జారుకొస్తుంది.

మ్యాప్ మార్చాక కూడా క్యాట్ పోతే వెతకాల్సినవి మరికొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో మిశ్రమం సరిగా మండకపోవడం. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలగకుండా ఆరి ఆరి వెలుగుతోందంటే, క్యాట్‌ని పాడుచేసే స్థాయిలో మిస్‌ఫైర్ ఉందని ఈసీయూ చెబుతోందన్నమాట. వెంటనే థ్రాటిల్ వదిలేయండి, ఆ రోజు కారుని తరమకండి. బూస్ట్ పెంచిన ఇంజిన్‌లో పాత కాయిల్, ఎక్కువ గ్యాప్ ఉన్న ప్లగ్ దీనికి మామూలు కారణాలు. గ్యాప్ 0.6, 0.7 మి.మీ.కి తగ్గించండి.

తర్వాత ఆయిల్. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే అందులోని ఫాస్ఫరస్, జింక్ గోడల మీద పొరలా పేరుకుంటాయి. ఇలా పోయిన క్యాట్ కరగదు, చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. హెడ్ గాస్కెట్ కారి కూలెంట్ కాలితే అదే గతి. గాస్కెట్ల దగ్గర మామూలు సిలికాన్ పూయకండి, సెన్సార్లకి హాని చేయనిదని డబ్బా మీద రాసి ఉన్నదే వాడండి.

ఫుల్ థ్రాటిల్‌లో మిశ్రమం ఎంత రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా) ఉందో కూడా లాగ్ చూడండి. లాంబ్డా (గాలి, ఇంధనాల నిష్పత్తి, 1 కంటే ఎంత తక్కువైతే అంత రిచ్) 0.80 నుంచి 0.85 మధ్య ఉంటే చాలా టర్బో ఇంజిన్లకి సరిపోతుంది. భద్రత పేరుతో 0.72కి తోసిన మ్యాపులు ఉన్నాయి. వాటితో సిలిండర్ చల్లగానే ఉంటుంది గాని, థ్రాటిల్ వదిలి ఇంధనం ఆగిన క్షణంలో స్వచ్ఛమైన గాలి వచ్చి క్యాట్‌లో నిలిచిన కార్బన్ మోనాక్సైడ్‌ని ఒక్కసారిగా మండిస్తుంది.

ప్రశ్న: పై ఆర్‌పీఎంలో బండి లాగడం లేదు. మెకానిక్ క్యాట్ మూసుకుపోయిందంటున్నారు. విప్పకుండా తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు. క్యాట్ ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి, ఆ ఎం18 మరలో అడాప్టర్ బిగించి, ఒక అర మీటరు లోహపు గొట్టంతో 0 నుంచి 1 బార్ గేజ్ కలపండి. రబ్బరు గొట్టం నేరుగా తగిలిస్తే కరిగిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో 0.1 బార్ లోపు, న్యూట్రల్‌లో 2,500 ఆర్‌పీఎం దగ్గర 0.2 బార్ లోపు ఉండాలి. ఆర్‌పీఎం కదలకుండా పట్టుకున్నా ముల్లు మెల్లగా ఎక్కుతూ పోతుంటే ఎక్కడో మూసుకుపోయినట్టే. అది క్యాటా, వెనక సైలెన్సరా అన్నది వెనక సెన్సార్ మర దగ్గర కూడా కొలిస్తే తేలుతుంది. ముందు ఎక్కువ, వెనక తక్కువ ఉంటే క్యాట్. రెండుచోట్లా ఎక్కువైతే సైలెన్సర్ వైపు వెళ్లండి.

చల్లారాక పిడికిలితో డబ్బాని తట్టి చూడండి. లోపల గలగలమంటే ఇటుక విరిగింది. క్యాట్ ముందు, వెనక ఉష్ణోగ్రత కొలిచి తేల్చే పాత పద్ధతిని మాత్రం నమ్మకండి. ఇప్పటి ఇంజిన్లలో వాయువు ముందే శుభ్రంగా ఉండటం వల్ల మంచి క్యాట్‌లో కూడా తేడా పెద్దగా కనిపించదు.

క్యాట్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే కలిసి ఉన్న కారైతే గలగల వినబడిన రోజే ఆపేయండి. విరిగిన సెరామిక్ పొడి వాల్వులు రెండూ తెరిచి ఉండే క్షణంలో వెనక్కి సిలిండర్‌లోకి పోగలదు. అది సానరాతి పొడితో సమానం, రింగులూ బోరూ గీరుకుపోతాయి.

ప్రశ్న: 200 గడుల క్యాట్ వేశాక పి0420 (క్యాట్ సరిగా పనిచేయడం లేదనే లోపం కోడ్) వస్తోంది. క్యాట్ వెనకున్న ఆక్సిజన్ సెన్సార్‌కి స్పేసర్ పెడితే పోతుందట. పెట్టమంటారా?

జవాబు: వద్దు. ఆ కోడ్ ఎలా పుడుతుందో తెలిస్తే కారణం మీకే అర్థమవుతుంది. క్యాట్ ముందున్న సెన్సార్ దగ్గర మిశ్రమం రిచ్, లీన్ (ఇంధనం తక్కువ) మధ్య ఊగుతూ ఉంటుంది. క్యాట్ పూతలోని సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్‌ని దాచుకుంటూ, వదులుతూ ఆ ఊపుని మింగేస్తుంది. అందుకే వెనక సెన్సార్ 0.6, 0.7 వోల్టుల దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానిలాగే ఊగుతుంటే క్యాట్ దాచుకోలేకపోతోందని ఈసీయూ గ్రహించి పి0420 పెడుతుంది. రెండో వరుస సిలిండర్లకైతే అది పి0430.

స్పేసర్ చేసేదల్లా సెన్సార్‌ని ప్రవాహం నుంచి పక్కకి లాగి దాని కళ్లకి గంతలు కట్టడమే. పొగ శుభ్రపడదు. చాలా కార్లలో వెనక సెన్సార్ చెప్పిన దాన్నిబట్టే ఈసీయూ మిశ్రమాన్ని సూక్ష్మంగా సవరించుకుంటుంది. దాన్ని మోసం చేస్తే ఆ సవరణ కూడా దారితప్పుతుంది.

ముందు లీకులు చూడండి. సెన్సార్‌కి ముందు ఎక్కడైనా చిన్న లీకున్నా, వాయువు అలలుగా కదులుతుంది కాబట్టి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సార్ దాన్ని లీన్ అనుకుంటుంది, ఈసీయూ ఇంధనం పెంచుతుంది, క్యాట్ వేడెక్కుతుంది. చల్లటి ఇంజిన్‌లో ఎగ్జాస్ట్‌లోకి పొగ పంపి చూస్తే అతుకు ఎక్కడ కారుతోందో కనబడుతుంది. లీకు లేదు, సెన్సార్లు బాగున్నాయి, అయినా కోడ్ వస్తోందంటే క్యాట్ చాలడం లేదు. ఇంతకంటే పొడవైన ఇటుకో, 300 లేదా 400 గడులదో వేయాలి. మీది టర్బో కారైతే పైన చెప్పిన వ్యాసం లెక్క మీకు కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: వెల్డింగ్ పని నేనే చేసుకుంటాను. క్యాట్ ఎక్కడ పెట్టాలి? జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: టర్బో నుంచి దూరం పోయేకొద్దీ చల్లని ఇంజిన్‌తో క్యాట్ వేడెక్కడం ఆలస్యమవుతుంది, మరీ దగ్గరైతే ట్రాక్ మీద ఎక్కువ కాలుతుంది. కంపెనీ క్యాట్ ఉన్న చోటుకి దగ్గరగానే పెట్టండి. వంపు ముగిసిన వెంటనే కోన్ (పైపు నుంచి క్యాట్ వెడల్పుకి విచ్చుకునే భాగం) మొదలుకానివ్వకండి. వాయువు ఒక వైపుకే ఒరిగి, ఇటుకలో ఒక చెంప మాత్రమే పనిచేస్తుంది, అక్కడే ముందు కాలిపోతుంది. చోటున్నంత నిటారు పైపు, దాని తర్వాత పొడవైన కోన్ ఇవ్వండి.

టిగ్ వెల్డింగ్‌కి పైపు లోపల కూడా ఆర్గాన్ నింపండి. లేదంటే అతుకు లోపలివైపు నల్లగా పొక్కులు కట్టి, ఆ పెచ్చులు ఊడి క్యాట్ ముఖానికి తగులుతాయి. ఇటుక మీదికి నేరుగా వేడి పోకుండా చిన్న చిన్న కుట్లుగా వేయండి. రెండు చివరలా వీ బ్యాండ్ క్లాంపులు, ముందు ఒక ఫ్లెక్స్ పైపు తప్పనిసరి. ఇంజిన్ కుదుపంతా క్యాట్ మీద పడితే అతుకులు చిట్లుతాయి.

సెన్సార్ మరని అడ్డంగా ఉన్న గీత కంటే కనీసం 10 డిగ్రీలు పైకి వంచి పెట్టండి. కిందికి చూస్తే చల్లటి ఉదయం పైపులో చేరిన నీటిచుక్క వేడి సెన్సార్ మీద పడి సెరామిక్ చిట్లుతుంది. బిగించేటప్పుడు 45 న్యూటన్ మీటర్లు, మర మీద నికెల్ గ్రీజు కాస్త, కొన మీద అసలు వద్దు. వైడ్‌బ్యాండ్ సెన్సార్ (లాంబ్డా కొలిచే ఆక్సిజన్ సెన్సార్) క్యాట్‌కి ముందే ఉండాలి. వెనక పెడితే క్యాట్ సరిచేసిన వాయువుని చదివి, మీకు తప్పు అంకె చూపిస్తుంది.

క్యాట్ ముందున్న పైపుకి హీట్ వ్రాప్ చుట్టవచ్చు. క్యాట్ డబ్బాకి చుట్టకండి, లోపల వేడి బందీ అవుతుంది. దానికి రేకు కవచం పెట్టండి, మధ్యలో గాలి ఆడే సందు వదలండి. కింద ఎండుగడ్డి ఉన్నచోట కారు ఆపకండి.

సెరామిక్ క్యాట్ అయితే మొదటి వేడి ముఖ్యం. ఇటుక చుట్టూ ఉన్న మెత్త మొదటిసారి వేడెక్కినప్పుడే ఉబ్బి దాన్ని పట్టుకుంటుంది. డబ్బాతో వచ్చిన కాగితంలో ఉన్న క్రమం పాటించండి. సాధారణంగా అది కొన్ని నిమిషాల ఐడిల్, తర్వాత రెండు నిమిషాలు 2,500 ఆర్‌పీఎం, ఆపైన పూర్తిగా చల్లారనివ్వడం.

ప్రశ్న: క్యాట్ తీసేశాక కారులో కూర్చుంటే కళ్లు మండుతున్నాయి, తల నొప్పి వస్తోంది. మామూలేనా?

జవాబు: కాదు, ఇవాళే కారు ఆపండి. కళ్లమంట కాలని పెట్రోలు వల్ల. తలనొప్పి కార్బన్ మోనాక్సైడ్ వల్ల కావచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. తలనొప్పి తగ్గకపోతే, వికారంగా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డౌన్‌పైప్ అతుకు, డిక్కీ తలుపు రబ్బరు, నేలలో వైర్లు పోయే రబ్బరు మూతలు ఎక్కడ వదులుగా ఉన్నాయో చూడాలి. అవి బాగుచేసినా క్యాట్ తిరిగి పెట్టేదాకా ఆ కారులో పిల్లల్ని ఎక్కించకండి.

ప్రశ్న: కొత్త డైరెక్ట్ ఇంజెక్షన్ కారులో క్యాట్ వెనక ఇంకో డబ్బా ఉంది. అదీ క్యాటేనా?

జవాబు: పెట్రోల్ పార్టికల్ ఫిల్టర్ అయి ఉంటుంది. మసిని పట్టి, థ్రాటిల్ వదిలినప్పుడు వచ్చే గాలితో కాలుస్తుంది. దాని ముందు వెనక ఒత్తిడి తేడాని ఈసీయూ కొలుస్తూ ఉంటుంది. దాన్నీ కదపకండి.

ప్రశ్న: నాది ట్రాక్ కోసమే ఉన్న కారు, ట్రైలర్ మీదే తీసుకెళ్తాను. లెడ్ కలిసిన రేస్ పెట్రోల్ వాడతాను. అయినా క్యాట్ ఉంచాలా?

జవాబు: మీ పోటీ నిబంధనల్లో ఉండాలని ఉంటే ఉంచాల్సిందే, లేకపోతే మీ ఇష్టం. కానీ లెడ్ పెట్రోల్‌తో మాత్రం క్యాట్ బతకదు. లెడ్ ఉత్ప్రేరకం మీద పేరుకుని దాన్ని చంపేస్తుంది, ఆక్సిజన్ సెన్సార్లని కూడా తినేస్తుంది. క్యాట్ ఉంచాలనుకుంటే లెడ్ లేని రేస్ పెట్రోలో, మ్యాప్ ఒప్పుకుంటే ఇథనాల్ మిశ్రమమో వాడండి. ఇథనాల్ వల్ల క్యాట్‌కి ఏ హానీ లేదు. క్యాట్ స్థానంలో ఖాళీ పైపు పెడితే అదే పొడవు, అదే వీ బ్యాండ్‌తో చేయించుకోండి, దానికి వేరే మ్యాప్ రాయించండి. క్యాట్ ఉన్నప్పటి మ్యాప్‌తో అలాగే ట్రాక్ మీదికి వెళ్తే మొదటి జవాబులో చెప్పిన బూస్ట్ పాకడం మీకు పొడవైన స్ట్రెయిట్ చివర్లో ఎదురవుతుంది.